ట్రెయిలర్ తగిలిస్తే బండి వెనక కుంగుతోందా?

పికప్‌కు క్యాంపర్ ట్రెయిలర్ తగిలించగానే వెనక భాగం కుంగుతోందని, స్ప్రింగులు మార్చాలా అని టెక్సస్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న.

మొదట హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు తూకం వేయించాలి. సామానుతో నిండిన ట్రెయిలర్ బరువులో అది 10–15 శాతం ఉండాలి. 4,000 పౌండ్లకు 400–600 అన్నమాట. ట్రెయిలర్ ముందు పెట్టెలో గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, పనిముట్లు కుక్కితే ఇట్టే దాటిపోతుంది. అలాగని అన్నీ వెనక్కి నెడితే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగిపోతుంది. కుంగడం కన్నా అదే పెద్ద ప్రమాదం!

తూకం సరిగ్గా ఉన్నా కుంగితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ మేలు. దాని కడ్డీలు కొంత బరువును ముందు చక్రాలకూ, ట్రెయిలర్ ఇరుసుకూ పంచుతాయి. స్ప్రింగుల దగ్గర అమర్చే ఎయిర్ బ్యాగులు వెనక భాగాన్ని లేపుతాయే తప్ప, వెనక బరువు పడి ముందు చక్రాలు కోల్పోయిన పట్టును తిరిగి తేలేవు.

ఏది బిగించినా బండి మోయగల బరువు మాత్రం పెరగదు. ఆ పరిమితి డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. బయల్దేరే ముందు తప్పక చూసుకోండి.