కారుకు తగిన ఆయిల్ ఫిల్టరును గుర్తించడం ఎలా?

కారు విడిభాగాలలో ఆయిల్ ఫిల్టరు మిక్కిలి చవకైన వాటిలో ఒకటి. దాని ఎంపికలో పొరబడితే మాత్రం దెబ్బతినేది ఇంజిను. స్వదేశంలో బండిని మెకానిక్కుకు అప్పగించి నిశ్చింతగా ఉండిన మనలో పలువురు, అమెరికా వచ్చిన తరువాత నూనె మార్చే పనిని స్వయంగా చేసుకొనడం అలవరచుకున్నారు. ఈ వ్యాసం వారికోసం.

ఇంజిను అడుగుతొట్టిలోని నూనెను పంపు తోడి, ముందుగా ఫిల్టరు గుండా పంపి, ఆ పిమ్మట బేరింగులకు అందిస్తుంది. మసి, లోహపు రజను ఫిల్టరులోని కాగితపు మడతలలో చిక్కుకొంటాయి. చాలా ఫిల్టర్లలో రెండు కవాటాలు కూడా ఉంటాయి. కాగితం పూడుకుపోయినప్పుడు గాని, చలికి నూనె చిక్కబడినప్పుడు గాని మొదటిది తెరుచుకొని నూనెకు అడ్డదారి ఇస్తుంది. అసలు నూనె అందకపోవడం కంటె వడకట్టని నూనె అయినా మేలు గదా! రెండవది రబ్బరుది, ఇంజిను ఆగినప్పుడు ఫిల్టరులోని నూనె తిరిగి తొట్టిలోకి జారకుండా నిలుపుతుంది. ఇది అవసరమైన చోట ఇది లేని ఫిల్టరును బిగిస్తే, మరునాటి ఉదయం ఇంజిను కొన్ని క్షణాలపాటు నూనె అందకుండా తిరుగుతుంది. బయటికి ఒకే తీరున కనిపించే రెండు డబ్బాలు లోపల ఒకటి కాకపోవచ్చును.

కారు పేరు, సంవత్సరం తెలిస్తే చాలునని చాలామంది భావిస్తారు. 2007 మోడల్ టయోటా క్యామ్రీనే తీసుకొందాము. అమెరికాలో అది 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజినుతోనూ, 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజినుతోనూ లభించింది. మొదటిదానికి తిప్పి బిగించే ఇనుప డబ్బా ఫిల్టరు. రెండవదానికి ఆ డబ్బాయే లేదు. ఇంజినుకున్న గిన్నెవంటి మూతను విప్పి, లోపలి కాగితపు చుట్టను మాత్రమే మార్చాలి. 2010 మోడల్‌లో నాలుగు సిలిండర్ల క్యామ్రీకి 2.5 లీటర్ల కొత్త ఇంజిను వచ్చినప్పుడు అది కూడా ఈ కాగితపు చుట్ట పద్ధతికే మారింది.

మరి మన కారులో ఉన్నది ఏ ఇంజిను? బానెట్ ఎత్తితే కాలుష్య నియంత్రణ వివరాల చీటీపై ఇంజిను పరిమాణం లీటర్లలో కనిపిస్తుంది. ఆ చీటీ చెరిగిపోయి ఉంటే, డ్రైవరు వైపు ముందు అద్దం మూలన కనిపించే 17 అక్షరాంకెల వాహన సంఖ్యను ఆశ్రయించాలి. అందులో పదవ స్థానం మోడల్ సంవత్సరాన్ని తెలుపుతుంది: 2007కు 7, 2010కి ఇంగ్లీషు అక్షరం 'ఏ'. 2006 చివరలో తయారైన కారు 2007 మోడల్ కావచ్చునని మరువరాదు. ఫోర్డు, జనరల్ మోటార్స్ కార్లలో సాధారణంగా ఎనిమిదవ స్థానం ఇంజినును సూచిస్తుంది. పైన చెప్పిన క్యామ్రీలో మాత్రం అయిదవ స్థానాన్ని చూడాలి. అక్కడ 'ఈ' ఉంటే 2.4, 'కే' ఉంటే 3.5 లీటర్లు.

ఇమడని ఫిల్టరుతో పెద్ద చిక్కు లేదు. దుకాణంలో తిరిగి ఇచ్చివేయవచ్చును. ఇమిడినట్లు కనిపించేదే ప్రమాదం. 2.4 లీటర్ల క్యామ్రీ ఫిల్టరు మర వ్యాసం ముప్పాతిక అంగుళం, అనగా 19.05 మిల్లీమీటర్లు, మర చుట్ల నడుమ దూరం సుమారు 1.59. హోండా కార్లలో ఎక్కువగా వాడే ఫిల్టరుకు ఆ కొలతలు 20, 1.5 మిల్లీమీటర్లు. అందువలన హోండా ఫిల్టరు క్యామ్రీకి ఎక్కినట్లే ఉంటుంది, కాని మర పళ్ళు అంచులతో మాత్రమే పట్టుకొంటాయి. చల్లని ఇంజినులో నూనె పీడనం చదరపు అంగుళానికి 60 పౌనులు దాటవచ్చు. ఆ తాకిడికి ఫిల్టరు ఊడితే నూనె అంతా నేలపాలే.

మా గరాజులో రెండు కార్ల ఫిల్టర్లూ ఒకే అరలో ఉండేవి. ఒక శనివారం తొందరలో హోండా డబ్బాను క్యామ్రీకి ఎక్కించాను. ఆర్టీసీ డిపోలో ఫిట్టరుగా పనిచేసి విరమించిన మా నాన్నగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. రెండు వేళ్ళతో దానిని కదిపి, "మర ఊగుతోందిరా, ఇది ఈ బండిది కాదు" అన్నారు. పెట్టెపై అక్షరాలను ఆయన చూడనైనా లేదు! నాటినుండి ప్రతి పెట్టెపైనా కారు పేరు, ఇంజిను పరిమాణం పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచుతున్నాను.

మరొక్క మాట. పాత డబ్బాను విప్పినప్పుడు దాని రబ్బరు వలయం కూడా ఊడి వచ్చిందో, ఇంజినుకే అంటుకొని ఉండిపోయిందో తప్పక చూడండి. వలయంపై వలయం పడితే సరియైన ఫిల్టరు కూడా కారుతుంది. కొత్తది బిగించిన పిమ్మట ఇంజినును ఒక నిమిషం నడిపి, ఆపి, కారు క్రిందకు తొంగిచూసి, డిప్‌స్టిక్కుతో నూనె మట్టం సరిచూసుకోవాలి.