అతుకుల బొంత

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున, సుమారు 35 కిలోమీటర్ల దూరమున కొండగట్టు కలదు. గుట్టల నడుమ వెలసిన ఆంజనేయస్వామి క్షేత్రమది. పూర్వము కరీంనగరము జిల్లాలో నుండిన ఈ తావు 2016లో ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరినది. చైత్ర పూర్ణిమనాడు చిన్న జయంతియు, వైశాఖ బహుళ దశమినాడు పెద్ద జయంతియు ఇచ్చట జరుగును. ఆ దినములలో దీక్ష పూనినవారును, మ్రొక్కులు చెల్లించువారును పిల్లాపాపలతో వేలకొలది వత్తురు. అందరికిని గదులు దొరకునా? చెట్లక్రిందను, మండపములయందును చోటు చూచుకొని రాత్రి గడుపువారే పెక్కుమంది. అట్టివారి మూటలలో సద్దిగిన్నెతోపాటు తరచుగా కనబడు వస్తువు ఒకటి కలదు. నేలపై పరచినచో అది పరుపు. చలివేసినప్పుడు కప్పుకొన్నచో దుప్పటి. మడిచి తలక్రింద పెట్టుకొన్నచో దిండు. ఎండవేళ రెండు కొమ్మలకు కట్టినచో బిడ్డకు నీడ. అదియే బొంత.

పాతబట్టలను పొరలు పొరలుగా పేర్చి చేతితో కుట్టిన పక్కబట్టకు బొంత యని పేరు. సంస్కృతమున దీనిని కంథ యందురు. బొంతకాకికిని, బొంత అరటికిని ఈ బొంతతో ఎట్టి బంధుత్వమును లేదు. ఒకదానికొకటి పొందని మాటలు కూర్చిన వ్యాసమును చూచి ‘అతుకుల బొంత’ యని ఈసడించుట లోకమున వాడుక. ఆ మాటను మొదట పలికినవారు బొంత కప్పుకొన్నవారేమో కాని, కుట్టినవారు మాత్రము కారు. అతుకులను సరిగా కుదుర్చుటయే బొంత పనిలోని కష్టమంతయు.

ఉత్తర తెలంగాణములో ఎండ ఎంత తీవ్రమో చలియు అంత తీవ్రము. ఆదిలాబాదు ప్రాంతమున కొన్ని శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియసుకంటె దిగువకు పోవుట కలదు. గొర్రెల కాపరికి గొంగడి కలదు. అది గొర్రె ఉన్నితో నేసినది గనుక చలికిని వానకును ఆగును. గొంగడి కొనలేని ఇంటికి బొంతయే దిక్కు. దానికి పెట్టుబడి పాతబట్టలు, దారము, తీరిక. ఈ మూటిలో చివరిదే స్త్రీలకు దొరకుట దుర్లభము.

బొంత వెచ్చగా నుండుటకు కారణమేమి? బట్టకు తనంతట వేడి లేదు. మన దేహమునుండి వెలువడు వేడిని బయటికి పోనీయక నిలుపుటయే దాని పని. గాలి వేడిని సులభముగా ప్రసరింపనీయదు, కాని కదలుచున్న గాలి వేడిని తనతో తీసికొనిపోవును. పొరల నడుమ చిక్కిన గాలి కదలలేదు. అందుచేతనే ఒక మందమైన బట్టకంటె, అంత బరువే గల నాలుగు పలుచని బట్టలు పొరలుగా వేసినచో ఎక్కువ వెచ్చదనము నిచ్చును. కుట్లు మరీ దగ్గరగా వేసినచో పొరలు అణగి గాలికి చోటుండదు. మరీ దూరముగా వేసినచో ఉతికినప్పుడు లోపలి బట్టలు జారి ఒక మూలకు చేరి ముద్దయగును. బొంత కుట్టు ముసలమ్మలకు ఈ శాస్త్రము తెలియకపోవచ్చును. అయినను వారి కుట్ల వరుసల నడుమ రెండు వ్రేళ్ల ఎడమే యుండును, అంతకు ఎక్కువయు కాదు, తక్కువయు కాదు.

ఇక బట్టల సంగతి. బొంతకు నూలుబట్టయే తగినది. ఏండ్లకొలది ఉతికిన నూలుచీర మెత్తబడి, చెమటను పీల్చును, సూదికి లొంగును. నేడు ఇండ్లలో నూలుచీరలు తగ్గినవి. సిరిసిల్ల మరమగ్గములపై పాలియెస్టరు బట్ట విస్తారముగా నేయుదురు. 2017 మొదలు కొన్ని సంవత్సరములు ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచిన చీరలలో పెక్కు అచ్చట నేసినవే. అట్టి బట్ట చినుగదు, రంగు పోదు. కాని చెమటను పీల్చదు, నిప్పురవ్వ తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును. కావున దానిని పసిబిడ్డల బొంతలలో వేయరాదు. పాతబట్టలకు మరియొక పోటీ కూడ కలదు. పాత చీరలు తీసికొని స్టీలు గిన్నెలిచ్చువారు వీధులవెంట వత్తురు. గిన్నె మెరయును, బొంత మెరయదు. ఎన్ని బొంతలు ఆ గంపలలో కుట్టకముందే వెడలిపోయినవో లెక్కలేదు.

తెలుగు ఇండ్లలో తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. కూతురు నెలలు నిండి ఇంటికి రాగానే అమ్మమ్మ కాబోవు ఇల్లాలు పాతచీరలు వెదకును. పుట్టిన బిడ్డ చర్మము మిక్కిలి సుకుమారము. కొత్తబట్టలోని గంజియు, బిరుసుదనమును దానికి ఒరపిడి కలిగించును. అందుకే పొత్తిళ్లకును, పక్కకును మెత్తని పాతబట్టయే మేలు. 21వ దినమున బిడ్డను తొట్టెలలో వేయునాటికి బొంత సిద్ధముగా నుండవలయును. పగలు పొలముపనియో, బీడీల పనియో చేసి వచ్చిన స్త్రీకి ఆ గడువు ఎక్కువ కాదు. అట్టి చిన్న బొంతను కుట్టు విధమును ఇచ్చట తెలిసికొందము. ఇది గడుల బొంత. ఎనిమిదవ తరగతి చదువు బాలురును బాలికలును దీనిని కుట్టగలరు.

మొట్టమొదట బట్టలన్నిటిని వేడినీటిలో నానబెట్టి, గంజి పోవునట్లు ఉతికి, ఎండలో ఆరవేయవలయును. గంజి యున్నచో పురుగు పట్టును. రంగు దిగునేమో చూచుటకు తడిబట్టను తెల్లని గుడ్డపై గట్టిగా అదుమవలెను. మరక పడినచో ఆ బట్టను తీసివేయవలెను. పిదప బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. నేత పలుచబడి జల్లెడవలె కనబడు భాగమును పైపొరకు వాడరాదు. లోపలి పొరకు పనికివచ్చును. చీరలో కూర్చుండు తావు త్వరగా నలుగును. కుచ్చిళ్ల భాగము గట్టిగా నుండును.

పూర్వము స్త్రీలు జానతో కొలిచి గడులు కత్తిరించెడివారు. జాన యనగా చాచిన బొటనవ్రేలినుండి చిటికెనవ్రేలివరకు గల దూరము, ఇంచుమించు 22 సెంటీమీటర్లు. అందరి చేతులును ఒకటి కావు గనుక, ఒక బొంతను ఒక చేతితోనే కొలువవలెనని నియమముండెడిది. మనము అట్టపై 22 సెంటీమీటర్ల చతురస్రమును గీసి అచ్చుగా చేసికొందము. ప్రతి గడిని ఆ అచ్చుతోనే కత్తిరింపవలెను. ఇప్పుడు కత్తిరించిన గడిని పెట్టి తరువాతి గడిని కత్తిరించువారు కలరు. అది తగదు. ప్రతిసారియు వెండ్రుకవాసి పెరుగుచు, ఇరువదవ గడి వచ్చునప్పటికి వ్రేలెడు తేడా వచ్చును.

ముదురు రంగు గడులు 10, లేత రంగు గడులు 10 కావలెను. అడ్డముగా నాలుగు, నిలువుగా ఐదు గడులు వచ్చునట్లు, ముదురు ప్రక్కన లేత యుండునట్లు నేలపై పేర్చి చూడవలెను. మొదటి వరుస ముదురుతో మొదలైనచో రెండవది లేతతో మొదలుకావలెను. కొంచెము దూరముగా నిలిచి చూచినచో పొరపాటు వెంటనే కంటబడును. కుట్టిన పిదప విప్పుట కంటె కుట్టకముందు చూచుట సులువు.

రెండు గడులను మంచివైపులు లోపలికి వచ్చునట్లు ఒకదానిపై నొకటి పెట్టి, అంచునకు ఒక సెంటీమీటరు లోపల కుట్టవలెను. ఇట్లు ముందు అడ్డవరుసలు ఐదును పూర్తిచేసి, తరువాత వరుసలను కలుపవలెను. కుట్టు వెనుక మిగిలిన అంచులను ఎల్లప్పుడు ముదురు గడివైపునకే మడిచి అణచవలెను. లేత గడివైపు మడిచినచో ముదురు బట్ట నీడవలె పైకి కనబడును. ఇందు మరియొక లాభము కలదు. పై వరుసలో అంచు కుడికి మడిగినచో, దాని క్రింది వరుసలో ఎడమకు మడుగును. కావున నాలుగు గడులు కలియు మూలలో బట్ట గుట్టగా లేవక చదునుగా నుండును. గడుల మూలలు సరిగా కలిసినచో ఆ బొంత కుట్టిన చేయి మంచిదని చూచువారు మెచ్చుకొందురు.

ఇట్లు సిద్ధమైన పైపొర 82 సెంటీమీటర్ల వెడల్పును, 102 సెంటీమీటర్ల పొడవును ఉండును. అడుగుపొరను అంతకంటె నలువైపులా 4 సెంటీమీటర్లు ఎక్కువగా, అనగా 90కి 110 సెంటీమీటర్లుగా తీసికొనవలెను. ఊడ్చి తుడిచిన నేలపై దానిని పరచి, మూలలపై చెంబులో, రాళ్లో బరువుగా పెట్టుదురు. దానిపై పాతధోవతి మూడు పొరలు, వానిపై గడుల పొర. అరచేతితో నడుమనుండి అంచులవైపునకు నిమురుచు ముడుతలు తీయవలెను. పిదప నడుమ మొదలుకొని నాలుగు మూలలకును, నాలుగు ప్రక్కలకును పొడవైన కచ్చా కుట్లు వేయవలెను. అంచునుండి మొదలుపెట్టి లోపలికి కుట్టుచు పోవు నేర్పరులును కలరు. అది చేయి తిరిగినవారి పని. కొత్తవారు అట్లు చేసినచో ముడుతలన్నియు నడుమకు వచ్చి చేరును.

తరువాత అసలు కుట్టు. సూది ఐదు పొరలలోను దిగి పైకి రావలెను. కుట్టు వడ్లగింజంత, ఎడము వడ్లగింజంత. దారమునకు కొంచెము మైనము రాచినచో చిక్కుపడదు. దారము చేయి చాచినంత పొడవుకంటె ఎక్కువ తీసికొనరాదు. ముడిని పొరల నడుమ దాచవలెను. పైకి తేలిన ముడి పసిబిడ్డ వీపునకు గుచ్చుకొనును. రెండు వ్రేళ్ల ఎడముతో నిలువు వరుసలు 23 వరకు వచ్చును. ఒక్కొక్క వరుసలో 60కి పైగా కుట్లు. మొత్తము ఇంచుమించు 1,500. ఇంత చిన్న బొంతకే ఇన్ని. పెద్దవారు కప్పుకొను బొంతలో ఎన్ని యుండునో లెక్కకట్టుట విద్యార్థులకే విడువబడినది. చివరకు నలువైపులా మిగిలిన అడుగుబట్టను 2 సెంటీమీటర్ల చొప్పున రెండు మడతలు పైకి మడిచి కుట్టినచో అంచు ఏర్పడును.

ఊరూర తిరిగి కూలికి బొంతలు కుట్టు స్త్రీలును కలరు. ఇంటివారు బట్టలిత్తురు, వారు అరుగుపైననో, వేపచెట్టు నీడననో కూర్చుండి కుట్టి యిత్తురు. అయితే జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది పురుషులు గల్ఫు దేశములకు పనికి పోవుచుందురు. తిరిగి వచ్చునప్పుడు వారు తెచ్చు దళసరి దుప్పట్లు పెట్టెలలో నిండినవి. మెత్తగా, పువ్వుల బొమ్మలతో చూడముచ్చటగా నుండు ఆ దుప్పటి ముందు బొంత వెలవెలబోయినది. ఐనను, చనిపోయిన తల్లి చీరను పారవేయుటకు చేతులు రాక, దానిని పైపొరగా వేసి బొంత కుట్టించుకొను కూతుండ్రు నేటికిని కలరు. ఆ పనికి ఏ దేశపు దుప్పటియు పనికిరాదు.

ఈ విద్య ఒక్క తెలంగాణమునకే చెందినది కాదు. గోదావరి కావల మరాఠీలు గోధడి యనియు, కన్నడిగులు కౌది యనియు, వంగదేశీయులు కాంథా యనియు పిలుచునది ఈ జాతిదే. వంగదేశమున పాతచీర అంచులనుండి రంగుదారములు లాగి, ఆ దారములతోనే పువ్వులు, పక్షులు కుట్టుదురు. బౌద్ధ భిక్షువుల చీవరమును అతుకుల వస్త్రమే. మగధలోని గట్లు గల వరిమళ్లను చూపి, ఆ రీతిగా వస్త్రమును కూర్చుమని బుద్ధుడు ఆనందునకు చెప్పినట్లు వినయపిటకము తెలుపుచున్నది. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట స్తూపమునొద్ద ఒకప్పుడు నివసించిన భిక్షువులకును అట్టి వస్త్రమే విధింపబడినది. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె కలదు. పత్తితోటలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతివారు అచ్చట నివసింతురు. ఆ స్త్రీలు అరిగిన పనిబట్టలతో తమ బిడ్డలకొరకు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో వ్రేలాడదీసిరి. 2006లో ఆ బొంతల బొమ్మలతో అమెరికా ప్రభుత్వము తపాలాబిళ్లలు వెలువరించినది. చలికి కుట్టుకొన్నవారు చిత్రకారులుగా పేరు పొందుటకు పెక్కేండ్లు పట్టినది.

పసిబిడ్డ బొంత విషయమున పెద్దలు పాటించు కట్టడి యొకటి మిగిలినది. పనికి కూర్చుండునప్పుడు సూదులను లెక్కపెట్టుదురు. మూడు సూదులతో మొదలుపెట్టినచో లేచునప్పుడు మూడును చేతిలో ఉండవలెను. ఒకటి తగ్గినచో ఇంటిలో ఎవ్వరికిని నెమ్మది యుండదు. దీపము తెచ్చి నేలయంతయు వెదకుదురు. బొంతను మోకాళ్లపై పరచి అంగుళమంగుళము రెండు చేతులనడుమ నొక్కి చూతురు. బడిపిల్లలున్న ఇంటిలో అయస్కాంతమును పొరలపై త్రిప్పి చూచుట ఇంకను మేలు. సూది విరిగినచో రెండు ముక్కలును దొరకవలెను. వానిని ప్రక్కప్రక్కన పెట్టి, మరియొక సూదితో పొడవు సరిపోల్చి చూచినగాని అమ్మమ్మ ఆ బొంతను తొట్టెలలో పరవనీయదు.