సీసం, ఈడీటీఏ, మన పిల్లలు

ప్లస్ టూ, పీయూసీలో సైన్సు చదివే పిల్లలకు ఈడీటీఏ పేరు కొత్త కాదు. నీటి కఠినత్వం కొలవడానికి ల్యాబులో దాన్ని వాడతారు. నేను కామర్సు పట్టభద్రుణ్ణి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. "ఒంట్లోని లోహాలన్నీ కడిగేస్తాం, పిల్లవాడి చదువు బాగుపడుతుంది" అనే ప్రకటనలు చూసి, డబ్బు కట్టవచ్చా అని కొందరు తల్లిదండ్రులు అడగడంతో ఈ విషయం చదివాను. తెలుసుకున్నది రాస్తున్నాను.

కీలేషన్ అంటే ఏమిటి?

గ్రీకు భాషలో 'కీలే' అంటే పీత (ఎండ్రకాయ) పటకారు. పీత తన పటకారుతో పట్టినట్టు, ఒక అణువు లోహాన్ని ఒకటికి మించిన చోట్ల గట్టిగా పట్టుకోవడమే కీలేషన్. ఈడీటీఏకు ఆరు పట్లు: రెండు నైట్రోజన్లు, నాలుగు ఆక్సిజన్లు. అలా పట్టుబడిన సీసం నీటిలో కరిగి, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది.

ఈ వైద్యం యుద్ధం నుంచి పుట్టింది. ల్యూయిసైట్ అనే ఆర్సెనిక్ విషానికి విరుగుడుగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 'బాల్' అనే మందు కనిపెట్టారు. తర్వాత ఈడీటీఏ వచ్చింది. పిల్లల సీసం విషానికి నోటితో మింగే సక్సిమర్‌ను 1991లో అమెరికా ఆమోదించింది.

రెండు పేర్లు, రెండు మందులు

సీసానికి వాడేది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. కౌంటరులో చిరిగిన నోటు తీసుకొని మంచి నోటు ఇచ్చినట్టు, ఇది తన కాల్షియాన్ని ఇచ్చి సీసాన్ని తీసుకుంటుంది. వట్టి డైసోడియం ఈడీటీఏ వేరు. ఇచ్చేందుకు దాని దగ్గర కాల్షియం లేదు, రక్తంలోని కాల్షియాన్నే లాగేస్తుంది. అది బాగా పడిపోతే గుండె ఆగిపోతుంది. 2005లో అమెరికాలోని టెక్సాస్‌లో సీసం విషం సోకిన రెండేళ్ల పాపకు ఒక మందుకు బదులు రెండోది ఎక్కించారు, పాప చనిపోయింది. అదే ఏడాది పెన్సిల్వేనియాలో ఆటిజం తగ్గుతుందని అదే మందు ఎక్కించిన ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఆటిజానికి కీలేషన్ పనిచేస్తుందని రుజువు లేదు.

పేరు ఒకటే అయిన ఇద్దరు ఖాతాదారులుంటే, ఖాతా నంబరు సరిచూడకుండా మేము పైసా ఇచ్చేవాళ్లం కాదు. మందు విషయంలో అంతకన్నా జాగ్రత్త కావాలి.

పోయిన చదువు తిరిగి వస్తుందా?

అమెరికాలో రక్తంలో డెసిలీటరుకు 20 నుంచి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న 780 మంది చిన్నపిల్లల్లో సగం మందికి సక్సిమర్, మిగతావారికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. 2001లో ఫలితం వచ్చింది. మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది, కానీ తెలివితేటల పరీక్షల్లో తేడా రాలేదు. మెదడుకు ఒకసారి జరిగిన నష్టాన్ని మందు పూడ్చలేదు. పైగా సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా నిలవుండి, రక్తంలో తగ్గగానే మళ్లీ అందులోకి దిగుతుంది.

అందుకే రాకుండా చూసుకోవడమే ముఖ్యం. 1999లో బెంగళూరుకు చెందిన జార్జి ఫౌండేషన్ పెద్ద నగరాల్లో పరీక్షలు జరిపి, పిల్లల్లో సగం మందికి పైగా 10 మైక్రోగ్రాములు దాటాయని తేల్చింది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది.

గుర్తుంచుకోవలసినవి

1. రక్తపరీక్ష లేకుండా కీలేషన్ వద్దు. పిల్లల్లో సాధారణంగా 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటేనే, అదీ ఆసుపత్రి డాక్టరు పర్యవేక్షణలో.
2. సీసం ఎక్కడి నుంచి వస్తోందో ముందు కనిపెట్టండి: పాత బ్యాటరీలు విప్పే పని, పెచ్చులూడే పాత రంగు, కొన్ని భస్మాలు, కొన్ని రకాల సుర్మా.
3. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. ఆకుకూరలు, రాగులు, పాలు పెట్టండి.
4. సీసం పని చేసేవారు బట్టలు మార్చి, చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

సైన్సు విద్యార్థులకు ఒక ప్రశ్న: ఈడీటీఏ కాల్షియాన్ని వదిలి సీసాన్నే ఎందుకు పట్టుకుంటుంది? మీ పుస్తకంలో స్థిరత్వ స్థిరాంకాల పట్టిక తీసి, జవాబు మీ ఇంట్లోవారికి వివరించండి.