చెత్తను ఆరబెట్టే విద్య

చలికాలం పొద్దున్నే పెంటకుప్పను తవ్వితే లోపలి నుంచి ఆవిరి లేస్తుంది. నిప్పు లేకుండా ఆ వేడి పుట్టించేది సూక్ష్మజీవులే. అదే వేడితో నగరాల్లో తడి, పొడి కలిసిన చెత్తను ఆరబెట్టే పద్ధతి బయోడ్రైయింగ్. ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులు తప్పక పరిశీలించాల్సిన రంగమిది.

అవసరం ఎందుకు?

మన పట్టణాల చెత్తలో వంటింటి వ్యర్థాలు ఎక్కువ. బరువులో దాదాపు సగం నీరే. కిలో నీరు ఆవిరి కావడానికే 540 కిలో కేలరీల వేడి కావాలి. అందుకే తడి చెత్త సరిగా మండదు. బయోడ్రైయింగ్‌లో చెత్తను ముక్కలు చేసి, అడుగున రంధ్రాలున్న గదుల్లో పోసి, బ్లోవర్లతో గాలి పంపుతారు. కుప్ప 50-60 డిగ్రీలకు వేడెక్కుతుంది. గాలి తేమను మోసుకుపోతుంది. ఒకటి, రెండు వారాల్లో తేమ 20 శాతం దగ్గరకు దిగుతుంది. ఆపై రాళ్లు, గాజు, ఇనుము ఏరేస్తే మిగిలేది ఆర్‌డీఎఫ్ అనే ఇంధనం. సిమెంటు కర్మాగారాలు బొగ్గుతోపాటు దీన్ని వాడతాయి. ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు 100 కిలోమీటర్లలోపు ఇంధనం వాడే పరిశ్రమలు తమ ఇంధన అవసరంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. సూర్యాపేట, పల్నాడు, నంద్యాల ప్రాంతాల్లో సిమెంటు పరిశ్రమ ఉండటం మనకు కలిసొచ్చే అంశం.

ఎవరికి ఏ పని?

గాలి ఎక్కువైతే కుప్ప చల్లారుతుంది, తక్కువైతే కుళ్లి కంపు కొడుతుంది. ఈ తూకం తెలిసినవారే ప్లాంటుకు ప్రాణం. సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్లకు డిజైన్, మెకానికల్‌ వారికి బ్లోవర్లు, ష్రెడర్లు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ వారికి ల్యాబ్, డిప్లొమా, ఐటీఐ వారికి నిర్వహణ పనులుంటాయి. కాలుష్య నియంత్రణ మండళ్లలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టులూ ఉన్నాయి.

ఎలా సిద్ధమవ్వాలి?

గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. ఎంటెక్‌కు అది దారి. పట్టణ స్థానిక సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం 2020లో ట్యూలిప్ పథకం మొదలైంది. హైదరాబాద్‌లోని ఈపీటీఆర్ఐ సంస్థ పర్యావరణ అంశాల్లో శిక్షణ ఇస్తుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత డ్రమ్ముకు చుట్టూ థర్మోకోల్ చుట్టి, అడుగున చిన్న బ్లోవర్ బిగించి, హాస్టల్ మెస్ వ్యర్థాలకు ఎండుటాకులు కలిపి నింపండి. రోజూ ఉష్ణోగ్రత, బరువు రాసుకోండి. కొద్దిగా నమూనా తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తేమ లెక్కించండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా చెప్పలేనిది ఆ నోటుపుస్తకం చెబుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంట్లో తడి, పొడి వేరు చేయడానికి బయోడ్రైయింగ్ ప్రత్యామ్నాయం కాదు. వేరు చేసిన తడి చెత్తకు కంపోస్టే మేలు. కలిసిపోయిన చెత్తకే బయోడ్రైయింగ్. కలిపిన చెత్తలోంచి వచ్చిన సరుకును పొలానికి ఎరువుగా వేయకూడదు.

చెత్తను ముట్టుకోవడానికి వెనకాడితే ఈ విద్య రాదు. ఒకరోజు మీ ఊరి డంపింగ్ యార్డుకు వెళ్లి చూడండి. అక్కడ చేయాల్సిన పని కనబడితే, ఈ రంగం మీదే.