కెర్నెల్ కొలువుకు తొలిమెట్టు: ట్రేస్ చదవడం

బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు అందరూ చదువుతారు. షెడ్యూలింగ్ అల్గారిథమ్‌లను బోర్డు మీద వివరించగలిగేవారికీ కొదవలేదు. అయితే నడుస్తున్న లినక్స్ సిస్టమ్‌ను చూపించి ‘ఈ టైమర్ ఎందుకు ఆలస్యమైంది?’ అని అడిగితే చాలామంది ఊహించి చెబుతారు. ఆధారం చూపించి జవాబు చెప్పడం కెర్నెల్ ఇంజినీర్ పని. దానికి వేల లైన్ల కోడ్ రాసిన అనుభవం కంటే ముందు ట్రేస్ (కెర్నెల్‌లో ఏ ఘటన ఎప్పుడు జరిగిందో చెప్పే రికార్డు) చదవడం రావాలి.

టైమర్లు రెండు రకాలు

లినక్స్ కెర్నెల్‌లో సెకనులో వంద కోట్లో వంతు, అంటే నానోసెకన్ల లెక్కన పనిచేసేవి హెచ్ఆర్ టైమర్లు. ఇవి 2006లో 2.6.16 వెర్షన్‌తో వచ్చాయి. అంత కచ్చితత్వం అక్కర్లేని పనులకు, ముఖ్యంగా నెట్‌వర్క్ టైమవుట్‌లకు, టైమర్ వీల్ ఉంది. ఇందులో టైమర్లను గడువును బట్టి గడుల్లో పెడతారు, కాలాన్ని జిఫీల్లో కొలుస్తారు. కెర్నెల్‌ను 250 హెర్ట్జ్ సెట్టింగ్‌తో బిల్డ్ చేస్తే ఒక జిఫీ 4 మిల్లీసెకన్లు.

2016లో 4.8 వెర్షన్ కోసం టైమర్ వీల్‌ను తిరగరాశారు. అప్పటినుంచి గడువు ఎంత దూరంగా ఉంటే కొలత అంత ముతకగా ఉంటుంది. 250 హెర్ట్జ్ దగ్గర తొలి స్థాయి 4 మిల్లీసెకన్ల మెట్లతో నడిస్తే, సుమారు పావు సెకను దాటిన గడువులకు మెట్టు 32 మిల్లీసెకన్లు అవుతుంది.

ఒక్క అంకె తెచ్చిన తేడా

జిఫీ లెక్క 1000 ఉన్నప్పుడు, 1005 గడువుతో టైమర్ పెట్టారనుకోండి. ట్రేస్‌లో అది 1006 దగ్గర పేలినట్టు, అంటే గడువు తీరి దాని పని మొదలైనట్టు కనిపిస్తుంది. ఒక జిఫీ ఆలస్యమైందని బగ్ రిపోర్టు రాసేస్తే పొరపాటే. సెకన్ల ముల్లు లేని గడియారంలో నిమిషం మారబోయే ముందు ‘ఒక్క నిమిషం ఆగు’ అంటే, మరుక్షణమే ముల్లు కదిలి నిమిషం అయిపోయినట్టు కనిపిస్తుంది కదా. జిఫీ మారే ముందు పెట్టిన టైమర్‌కూ అదే ఇబ్బంది. అడిగిన సమయం కంటే ముందే పేలకూడదు కాబట్టి కెర్నెల్ కావాలనే ఒక మెట్టు కలుపుతుంది.

పాత ట్రేస్‌లో పేలిన క్షణపు జిఫీ విలువ ఒక్కటే ఉండేది. ఆ క్షణంలో వీల్ తన లెక్కలో ఎక్కడ ఉందో తెలిసేది కాదు. 2019లో అన్నా-మరియా గ్లైక్స్‌నర్ చేసిన మార్పుతో టైమర్ పేలినప్పటి ట్రేస్ లైను చివర ‘బేస్‌క్లాక్’ అనే అంకె చేరింది. చూడటానికి చిన్న మార్పే అయినా, దాంతో రెండు రకాల ఆలస్యాలను విడదీయడం కుదిరింది.

జిఫీ 1000 దగ్గర 1100 గడువుతో పెట్టిన టైమర్‌ను తీసుకోండి. ఇది రెండో స్థాయిలో పడుతుంది. అక్కడ మెట్టు 8 జిఫీలు కాబట్టి 1104 దగ్గర పేలాలి. ట్రేస్‌లో సమయం, బేస్‌క్లాక్ రెండూ 1104 అయితే అది డిజైన్ ప్రకారమే జరిగింది. సమయం 1130, బేస్‌క్లాక్ 1104 అని ఉంటే మాత్రం టైమర్ సరైన గడిలోనే ఉంది, ఆ గడిని తెరిచే పనే ఆలస్యంగా మొదలైంది. అప్పుడు వెతకాల్సింది టైమర్ కోడ్‌లో కాదు. ఆ గడిని తెరిచే సాఫ్ట్ ఐఆర్‌క్యూను ఎవరు ఆపారు, ఇంటరప్ట్‌లు ఎంతసేపు మూసి ఉన్నాయి అన్నది చూడాలి.

ఇంట్లోనే సాధన

సొంత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుంటే చాలు. ట్రేస్ తీసే సాధనం ఎఫ్‌ట్రేస్ 2008 నుంచి కెర్నెల్‌లో భాగంగానే ఉంది.

1. టైమర్ విభాగంలోని ఈవెంట్లన్నీ ఆన్ చేసి కొన్ని సెకన్లు రికార్డు చేయండి. పింగ్ లాంటి కమాండ్లు నడిపి ఏ టైమర్లు మొదలవుతున్నాయో, ఎన్ని పేలకుండానే రద్దవుతున్నాయో చూడండి.

2. టైమర్ చిరునామా ఆధారంగా మొదలైన లైన్లను, పేలిన లైన్లను జతచేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాయండి. గడువు, సమయం, బేస్‌క్లాక్ మూడింటినీ పక్కపక్కన పెట్టండి.

3. 100 జిఫీల టైమర్ పెట్టే కెర్నెల్ మాడ్యూల్‌ను సీలో రాయండి. ఏ జిఫీ దగ్గర పేలుతుందో ముందే కాగితం మీద లెక్కగట్టి, ట్రేస్‌తో సరిచూసుకోండి.

4. కెర్నెల్ సోర్స్‌లో టైమర్ ట్రేస్ ఈవెంట్ల హెడర్ ఫైలు చదవండి. ఒక ఫీల్డ్‌ను ఎక్కడ ప్రకటిస్తారో, ఎక్కడ నింపుతారో, ఎలా ముద్రిస్తారో అక్కడే తెలుస్తుంది.

ట్రేస్‌ను మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం. దాన్ని చదివే టూల్స్ బయట ఉంటాయి. గతంలో ఒక ఫీల్డ్ తీసేస్తే పవర్‌టాప్ అనే టూల్ పనిచేయడం మానేసింది, ఆ ఫీల్డ్ చోట ఖాళీ ఫీల్డ్ ఒకటి పెట్టాల్సి వచ్చింది. కొత్త సమాచారం కలపడం సులువు, ఉన్నది తీసేయడం కష్టం.

ప్యాచ్ పంపే స్థాయికి వచ్చాక లినక్స్ ఫౌండేషన్ ఉచిత ఆన్‌లైన్ కోర్సు, మెంటర్‌షిప్ కార్యక్రమం ఉపయోగపడతాయి. ప్యాచ్‌లో మీరేం మార్చారన్న దానికంటే, ఆ మార్పు ఎందుకు అవసరమైందో చెప్పే వివరణనే సమీక్షకులు ముందు చదువుతారు. ఆ నాలుగు వాక్యాలు స్పష్టంగా రాయడం సాధన చేయండి.

అవకాశాలు ఎక్కడ?

చిప్ తయారీ, వాహనాల ఎలక్ట్రానిక్స్, టెలికాం, క్లౌడ్ రంగాల్లో కెర్నెల్ నిపుణులు పనిచేస్తారు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఎంబెడెడ్ లినక్స్ ఇంజినీర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్) ఇంజినీర్, పెర్ఫార్మెన్స్ ఇంజినీర్ పేర్లతో వచ్చే ప్రకటనలు గమనించండి. రియల్‌టైమ్ సదుపాయం 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. కాబట్టి ఆలస్యాన్ని కొలిచి, కారణం చెప్పగలగడం ఇక ముందూ అక్కరకొచ్చే పనే. సీఎస్‌ఈ వారికే కాదు, సీ భాష మీద పట్టున్న ఈసీఈ విద్యార్థులకూ ఈ దారి తెరిచే ఉంది.

రెజ్యుమెలో ‘లినక్స్ కెర్నెల్ తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. మీరు తీసిన ఒక ట్రేస్, అందులో కనిపించిన ఆలస్యం, దాని కారణాన్ని నిర్ధారించిన తీరు ఒక పేజీలో రాసి, ప్రోగ్రామ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఆ పేజీ నుంచే మొదలయ్యేలా చూసుకోండి.