క్యాన్సర్ జన్యువును చిట్టెలుకలో ఎలా పరీక్షిస్తారు?

సత్యవేడు నుంచి క్యాన్సర్ వైద్యానికి మద్రాసు అడయార్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లున్నారు. అలాంటి ఆస్పత్రుల్లో వాడే మందుల్లో కొన్నింటి వెనక, జన్యువు మార్చిన చిట్టెలుకలపై ఏళ్ల తరబడి సాగిన పరిశోధన ఉంది. అది ఎలా జరుగుతుందో మన వైపు బైపీసీ, బీఎస్సీ చదివే పిల్లల కోసం వరుసగా చెబుతాను. ఉదాహరణ సీడీకే4 జన్యువు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి బృందం దీనిపై లోతుగా పనిచేసింది.

1. ప్రశ్నను సూటిగా రాసుకోండి. కణం విభజన చెందడానికి సీడీకే4 ప్రోటీన్ తోడ్పడుతుంది. దానికి బ్రేకు పీ16 అనే ప్రోటీన్. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వంశంలో నడిచే కొన్ని కుటుంబాల్లో సీడీకే4 24వ స్థానంలో ఆర్జినైన్ బదులు సిస్టీన్ ఉంటుంది. అప్పుడు బ్రేకు పట్టదు. కణితి రావడానికి ఈ ఒక్క మార్పు చాలా? ఇదీ ప్రశ్న.

2. అనుమతి తీసుకోండి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వర్తిస్తుంది. సంస్థలోని జంతు నైతిక సంఘం, జీవభద్రత సంఘం ఒప్పుకోవాలి. ఎలుకలు లేకుండా జవాబు దొరికే దారి ఉంటే అదే పట్టాలి. లేకపోతే వీలైనంత తక్కువ ఎలుకలు, వీలైనంత తక్కువ నొప్పి.

3. మార్పు ఎలాంటిదో తేల్చుకోండి. జన్యువును అదనంగా చేర్చవచ్చు. 1984లో హార్వర్డ్‌లో ఫిలిప్ లెడర్ బృందం మిక్ జన్యువుతో ఇలాగే చేసింది. జన్యువును పూర్తిగా తీసేస్తే నాకౌట్. ఉన్నచోటే మారిస్తే నాకిన్. మన ప్రశ్నకు నాకిన్ కావాలి.

4. ఎలుకను తయారుచేయండి. పిండ మూలకణాల్లో జన్యువును మార్చి, వాటిని తొలిదశ పిండంలోకి ఎక్కించి, తల్లి ఎలుక గర్భంలో పెడతారు. ఇప్పుడు క్రిస్పర్‌తో ఏకకణ పిండంలోనే మార్చగలుగుతున్నారు.

5. ఏ పిల్లకు మార్పు వచ్చిందో చూడండి. చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి పీసీఆర్ చేస్తే తెలుస్తుంది. మార్పు రాని తోబుట్టువులనే పోలికకు ఉంచుకోండి. ఒకే ఈతలో పుట్టి ఒకే మేత తిన్నవైతేనే తేడా జన్యువుదని చెప్పగలం.

6. ఓపిగ్గా గమనించండి. కణితి బాధపెట్టే దశకు రాకముందే ప్రయోగం ఆపాలి. కణజాలాన్ని పరీక్షించేవారికి అది ఏ ఎలుకదో చెప్పకూడదు. సీడీకే4 మారిన ఎలుకల్లో రకరకాల అవయవాల్లో కణితులు కనిపించాయి.

7. ఎదురు పరీక్ష చేయండి. జన్యువు మారితే కణితి వచ్చిందన్నది సగం రుజువే. తీసేస్తే ఆగుతుందా? న్యూ (neu) అనే జన్యువు వల్ల రొమ్ము క్యాన్సర్ వచ్చే ఎలుకల్లో కణితి పుట్టడానికి సీడీకే4 తప్పనిసరి అని 2005లో రెడ్డి బృందం చూపింది. అంతకుముందు, 1999లోనే, ఈ జన్యువు లేని ఎలుకలకు మధుమేహం వస్తుందని కూడా వాళ్లే గమనించారు. జన్యువును పూర్తిగా అడ్డుకుంటే ఏం జరగొచ్చో ఇది చెబుతుంది.

8. మళ్లీ మనిషి దగ్గరికి రండి. ఎలుక చెప్పింది మనిషిలో నిజం కాకపోవచ్చు. అందుకే రోగుల కణితుల్లో వెతకాలి, క్లినికల్ ట్రయల్స్ జరగాలి. సీడీకే4ను, దాని జంట సీడీకే6ను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ అనే మందుకు రొమ్ము క్యాన్సర్ చికిత్సలో అమెరికా అనుమతి 2015లో వచ్చింది.

ఈ పని ఇంట్లో చేసేది కాదు, నేర్చుకోవడానికి మాత్రం దూరం పోనక్కర్లేదు. జీవశాస్త్రం చదవడానికి మన జిల్లాలోనే ఏర్పేడు దగ్గర ఐఐఎస్‌ఈఆర్ తిరుపతి ఉంది. అందులో చేరడానికి ఇంటర్ తర్వాత ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఈలోగా ఒక జన్యువును ఎంచుకుని మొదటి మెట్టు పూర్తిచేయండి: దాని గురించి ఒకే ఒక్క ప్రశ్న, అవును లేదా కాదు అని జవాబు వచ్చేలా, కాగితం మీద రాయండి.