మఱుగుపడిన రాజ్యము – పర్భణీ తామ్రశాసనము

మన నాందేడునకు ఆ పేరెట్లు వచ్చినదని పెద్దల నడిగినచో పలువురు పలువిధముల చెప్పుదురు. మగధ నేలిన నవనందుల రాజ్యము ఇచ్చటి వఱకు వ్యాపించెననియు, పేరే దానికి సాక్ష్యమనియు కొందఱందురు. నందీశ్వరుడు గోదావరీతటమున తపస్సు చేసినందున ఇది 'నందితట' మయ్యెనని మఱికొందఱందురు. ఇట్టి ఊహలు స్వస్థలముపై ప్రేమగలవారికే పుట్టును. కావున వానిని పరిహసింపరాదు. కాని ఊహ యెచ్చట ముగియునో, చరిత్ర యెచ్చట మొదలగునో విద్యార్థులు తెలిసికొనవలయును.

వాశీములో దొరకిన వాకాటకరాజు రెండవ వింధ్యశక్తి తామ్రశాసనమున 'నాందీకడ' అను స్థలనామము కలదు. అది నాందేడే యని పండితులు గుర్తించిరి. ఆ శాసనము క్రీ.శ. 4వ శతాబ్దిది, నందులు క్రీ.పూ. 4వ శతాబ్దివారు. నడుమ సుమారు 700 ఏండ్ల యెడము కలదు. పేరు ప్రాచీనమని మాత్రమే శాసనము చెప్పుచున్నది. అది నందులవలన కలిగినదని చెప్పుట లేదు. శాసనము చెప్పినంతవఱకే మనము నడువవలయును.

ఇక మన పొరుగుననే మఱుగుపడి, శాసనములవలన వెలుగులోనికి వచ్చిన రాజ్యమొకటి కలదు. అది వేములవాడ చాళుక్యుల రాజ్యము. వీరు రాష్ట్రకూటులకు సామంతులై 8వ శతాబ్ది నుండి 10వ శతాబ్ది వఱకు నేటి నిజామాబాదు, కరీంనగరు ప్రాంతముల నేలిరి. మొదట బోధను, పిదప వేములవాడ వీరికి రాజధానులు. వీరి వంశక్రమమును తెలుపు శాసనములలో ముఖ్యమైనది పర్భణీ తామ్రశాసనము. శకసంవత్సరము 888, అనగా క్రీ.శ. 966లో, మూడవ అరికేసరి తన తండ్రి కట్టించిన శుభధామ జినాలయము నిమిత్తము సోమదేవసూరి యను జైనాచార్యునకు ఒక గ్రామమును దానమొసగెనని అందు కలదు.

ఈ రేకులు పర్భణీయందు లభించినవి కావున ఆ రాజుల రాజధానియు పర్భణీయే యని యొకడు వాదించెననుకొందము. వినుటకు బాగుగనే యుండును. కాని రాగిరేకులు చేతబట్టుకొని పోదగిన వస్తువులు. దానము పొందినవారి వెంట ఎంత దూరమైనను పోగలవు. దొరకిన చోటు వేఱు, అందు చెప్పబడిన చోటు వేఱు. శాసనములోని దేవాలయము 'లేంబులపాటక' మందున్నది. దానమిచ్చిన యూరు సబ్బినాటిలోనిది. లేంబులపాటకమే వేములవాడ.

అయినను వేములవాడ యను గ్రామము కాకినాడ సమీపమునను ఒకటి కలదు. పేరొక్కటే ప్రమాణమైనచో రాజ్యమును అచ్చటికి తరలింపవలసి వచ్చును! సబ్బినాడు కరీంనగరు సీమలోనిది కావున ఆ సందేహము తీరినది. ఇతర సాక్ష్యములును దీనికే అనుకూలించుచున్నవి. సోమదేవసూరి తన 'యశస్తిలక' కావ్యమును క్రీ.శ. 959లో గంగాధరమున ముగించినట్లు, అప్పటి ప్రభువు అరికేసరి కుమారుడని, గ్రంథాంతమున వ్రాసికొనెను. గంగాధరము కరీంనగరు సీమలో నేటికిని ఉన్నది. దాని సమీపమున కుర్క్యాల కొండపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శిలాశాసనము కలదు. రాగిరేకు, గ్రంథము, కొండరాయి — మూడును వేర్వేఱుగా పలికి ఒకచోటికే దారి చూపుచున్నవి. ఊహకును నిర్ణయమునకును గల భేద మిదియే.

మఱియొక ప్రశ్న మన పాఠశాలకు మిక్కిలి సన్నిహితమైనది. ఈ రాజులు ఎవరివారు? రెండవ అరికేసరి యాస్థానకవి పంపడు క్రీ.శ. 941 ప్రాంతమున భారతకథను కన్నడమున రచించెను. అతని పూర్వులు వేంగినాటివారు. పర్భణీ శాసనము సంస్కృతము. జినవల్లభుని శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును కలవు. రేకులు దొరకిన చోట నేడు మరాఠీ వాడుక. ఇట్టి రాజ్యమును ఒక భాషవారు మాత్రమే తమదనుట యుక్తము కాదు. నాందేడు, పర్భణీ జిల్లాలు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమందుండినవి. 1960లో మహారాష్ట్రము ఏర్పడినది. మన తాతల కాలముననే మాఱిన సరిహద్దులను వేయేండ్ల వెనుకకు మోయరాదు. తెలుగు చదువుకొను మన బాలబాలికలు ఇరుగుపొరుగు మరాఠీ బాలురతో 'మా రాజు, మీ రాజు' అని వాదింప బనిలేదు. ఆ రాజ్యమున పలుభాషలు కలసి బ్రతికెనని చెప్పిన చాలును. అది సాక్ష్యముగల మాట.

విద్యార్థులారా! మీ గ్రామములలో వ్రాతగల రాళ్లు కనబడినచో వానిపై సున్నము పూయకుడు, గీయకుడు. ఛాయాచిత్రము తీసి, ఉన్న చోటును వ్రాసికొని మీ ఉపాధ్యాయులకు తెలుపుడు. పొలము దున్నునపుడు రాగిరేకులు దొరకినచో పాతలోహమువారికి అమ్మక కలెక్టరునకు తెలుపవలయును. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ఇట్టి సందర్భముల కొఱకే యున్నది. తల్లిదండ్రులును ఈ విషయమును ఇరుగుపొరుగు వారికి చెప్పుదురుగాక. ఒక రేకు కరగిపోయినచో ఒక రాజ్యమే మరల మఱుగుపడవచ్చును.